వా పెడల్ ఏది తీసుకోవాలి? (పర్లాకిమిడి, మెలోడీ పార్టీ + చర్చి, పది వేల లోపు)

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. నేను పెళ్లిళ్లకి, పండగలకి మెలోడీ పార్టీలో గిటార్ వాయిస్తాను. ఒరియా పాటలు సగం, తెలుగు పాటలు సగం, మధ్యలో సంబల్‌పురి పాటలు. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. గిటార్ స్ట్రాట్ రకం ఎలక్ట్రిక్, సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కదలికని పట్టే ఒంటి చుట్టలు). ఇప్పటికి ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరగరలాడించే పెడల్) ఒకటి, డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) ఒకటి ఉన్నాయి. చాలాకాలంగా వా పెడల్ (కాలితో ఊపితే గిటార్‌ని ‘వా వా’ అన్నట్టు పలికించేది) కొనాలని ఉంది. డన్‌లప్ క్రై బేబీ జీసీబీ95, వాక్స్ వి847-ఎ చూశాను. లేదంటే ఆ డబ్బుతో వా కూడా ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ (ఒకే డబ్బాలో చాలా ఎఫెక్ట్‌లు) తీసుకోమని మా కీబోర్డ్ అన్న అంటున్నాడు. పది వేలు దాటితే నావల్ల కాదు. మా ఊళ్లో కాలు పెట్టి చూడ్డానికి ఒక్క దుకాణం లేదు. వీడియోల్లో అన్నీ బాగానే వినిపిస్తున్నాయి, తేడా తెలియట్లేదు. వాడినవాళ్లు చెప్పండి.

గుణుపురం_మాస్టారు:
ముందు ఏటి వాయిస్తావో సెప్పు బావూ. సోలో కోసమా, రిథమ్ కోసమా? రెండిటికీ ఒకే పెడల్ పనిసేస్తాది గానీ, దేనికోసం కొంటన్నావో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతాది.

మహేంద్రతనయ:
మాస్టారూ, ఎక్కువగా రిథమ్ కోసమే. తీగల్ని చేత్తో అదిమి, చిక్‌చిక్‌మని స్ట్రోకులు కొడుతూ కాలు ఆడించే పద్ధతి ఉంది కదా, అది. పాత డిస్కో పాటలకి స్టేజీ మీద అందరూ అదే అడుగుతారు. సోలోలు తక్కువ. చర్చిలో నెమ్మది పాటల్లో మాత్రం లీడ్ వాయిస్తాను.

జయపురం_సోల్డర్:
తమ్ముడూ, పేర్లు పక్కన పెట్టి ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. నేను పెడళ్లు రిపేరు చేస్తాను, అందుకని ఆ వైపు నుంచి చెబుతాను.

వా అంటే కదిలే టోన్ కంట్రోల్. లోపల ఒక ఇండక్టర్, ఒక కెపాసిటర్ కలిసి ఏదో ఒక ఫ్రీక్వెన్సీని పైకి ఎత్తి పట్టుకుంటాయి, మిగతావాటిని తగ్గిస్తాయి. కాలు కదిపితే ఆ ఎత్తు అటూ ఇటూ జరుగుతుంది. క్రై బేబీ తరహా సర్క్యూట్‌లో ఇండక్టర్ సుమారు 500 మిల్లీహెన్రీలు, కెపాసిటర్ 0.01 మైక్రోఫారడ్. ఈ రెండూ పెట్టి లెక్క వేస్తే సుమారు 2250 హెర్ట్జ్ వస్తుంది. కాలివేళ్లు పూర్తిగా కిందికి నొక్కినప్పుడు నీకు వినిపించే ఆ పదునైన కొస అదే. మడమ వైపు నొక్కుతూ వస్తే పాట్ (వాల్యూమ్ నాబ్ లాంటి తిరిగే కంట్రోల్) తిరుగుతుంది, ట్రాన్సిస్టర్ ఆ కెపాసిటర్‌ని ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించేలా చేస్తుంది, ఎత్తు 400 హెర్ట్జ్ ప్రాంతానికి దిగుతుంది. మనం నోరు సున్నాలా చుట్టి ‘ఊ’ అంటూ మెల్లగా ‘ఆ’కి తెరిస్తే గొంతులో జరిగేది కూడా ఇలాంటిదే. అందుకే ఈ పెడల్ మాట్లాడినట్టు ఉంటుంది.

ఇక కొనేటప్పుడు అడగాల్సినవి ఇవి. ఆ ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి జరుగుతుంది? ఎంత ఇరుకుగా, ఎంత పదునుగా ఉంటుంది? కాలు కదిపిన దూరంలో ఏ భాగంలో ఎక్కువ మారుతుంది? మూడోది చాలామంది పట్టించుకోరు గానీ రిథమ్ వాయించేవాడికి అదే ప్రాణం. కొన్ని పాట్‌లలో మార్పంతా చివరి కొసలోనే జరిగిపోతుంది, మధ్యలో కాలు ఎంత ఆడించినా ఏమీ తెలియదు.

బరంపురం_లీడ్:
నేను రెండూ వాడాను. క్రై బేబీ దూకుడుగా ఉంటుంది, స్వీప్ (ఆ ఎత్తు జరిగే దూరం) వెడల్పు, ఓవర్‌డ్రైవ్ వేస్తే ముందుకు చొచ్చుకొస్తుంది. వాక్స్ వి847 కొంచెం మెత్తన, గొంతులాగా ఉంటుంది, క్లీన్‌లో (ఓవర్‌డ్రైవ్ లేకుండా) చాలా అందం. నీది క్లీన్ రిథమ్ కాబట్టి నా ఓటు వాక్స్‌కి. కానీ స్టేజీ మీద రెండు డోళ్లు, ప్యాడ్స్, కీబోర్డ్ అన్నీ ఒకేసారి మోగుతున్నప్పుడు ఆ మెత్తదనం మునిగిపోతుంది, అదీ నిజమే. మా ఠాకురాణి యాత్ర రోజుల్లో వీధి స్టేజీల మీద వాక్స్ పెట్టి వాయిస్తే నాకే వినిపించేది కాదు. ఆంప్‌లో మిడ్ పెంచుకుని నెట్టుకొచ్చాను.

ఇంకోటి. సెకండ్‌హ్యాండ్‌లో పాత వి847 దొరికితే అడాప్టర్ జాక్ ఉందో లేదో చూడు. పాతవాటిలో ఉండదు, బ్యాటరీ ఒక్కటే. వి847-ఎలో జాక్ ఉంది.

నాగావళి_నోట్స్ (రాయగడ):
నేను మీ కీబోర్డ్ అన్న పక్షం. జూమ్ జీ1ఎక్స్ ఫోర్ లాంటిది తీసుకో. పక్కనే ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో ఊపేది) ఉంటుంది, వా ఉంటుంది, ఒకేసారి ఐదు ఎఫెక్ట్‌లు పెట్టుకోవచ్చు, ట్యూనర్ ఉంది, రిథమ్‌లు ఉన్నాయి. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. మా వైపు కొండ ఊళ్లలో ప్రోగ్రాములంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, జనరేటర్ కరెంటు ఎలా వస్తుందో తెలియదు. సెల్స్ మీద నడిచేది చేతిలో ఉంటే ఆ రాత్రికి నిశ్చింత. చైతి ఉత్సవాల రోజుల్లో మా చిన్న ప్రోగ్రాములన్నీ నేను దానితోనే లాగించాను. ఒక్క వా కోసం పది వేలు పోసి, మిగతావన్నీ మళ్లీ కొనుక్కుంటూ కూర్చోవడం ఎందుకు?

జయపురం_సోల్డర్:
నాగావళి అన్నా, సెల్స్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ అతనికి ఓవర్‌డ్రైవ్, డిలే ఇప్పటికే ఉన్నాయి. అతను అడిగేది కాలు కింద ఉండే అనుభవం. ఆ చిన్న మల్టీ ఎఫెక్ట్‌ల పెడల్ పొట్టిది, తేలిక. చిక్‌చిక్ రిథమ్‌కి పాదం మొత్తం ఆనించి ఊపాలి. ప్లాస్టిక్ పెడల్ మీద గట్టిగా ఊపితే యూనిట్ మొత్తం జరిగిపోతుంది. ఇంట్లో కూర్చుని నేర్చుకోడానికి మంచిదే. స్టేజీ మీద రాత్రంతా నిలబడి ఊపేవాడికి ఇనప డబ్బా కావాలి.

నాగావళి_నోట్స్:
జరక్కుండా కింద వెల్క్రో వేసి చెక్కకి అంటించుకుంటే సరిపోతుంది. నాది అలాగే ఉంది. పెడల్ పొట్టిదన్నది మాత్రం నిజం, కాదనను.

గోపాల్‌పూర్_గాలి:
మా సముద్రం పక్క బాధ వేరు. ఉప్పు గాలికి జాకులు, పాట్‌లు తొందరగా పోతాయి. వానాకాలంలో వాడకుండా మూల పెట్టిన వా తీస్తే కాలు కదిపినప్పుడల్లా బరబరా శబ్దం. అందుకని నేను పాట్ లేని వా వైపు వెళ్లాను. మోర్లీ వాళ్లవి ఆప్టికల్. లోపల ఒక లైటు, ఎదురుగా వెలుతురుని పసిగట్టే సెల్, మధ్యలో పెడల్‌తో పాటు కదిలే అడ్డు. రాసుకునే భాగం లేదు కాబట్టి అరగదు, బరబర రాదు. మోర్లీలో కొన్నిటికి స్విచ్ కూడా ఉండదు. కాలు పెడితే ఆన్, తీస్తే స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది, ఆఫ్. గిటారిస్ట్ స్టీవ్ వై పేరుతో వచ్చిన బ్యాడ్ హార్సీ ఆ రకమే.

బెరింజర్ హెల్‌బేబ్ హెచ్‌బీ01 కూడా ఆప్టికలే, ధర చాలా తక్కువ. ఒళ్లు ప్లాస్టిక్, అది గుర్తుంచుకో.

మహేంద్రతనయ:
అన్నా, స్విచ్ లేకపోవడం రిథమ్‌కి బాగుంటుందా? నేను కొన్నిసార్లు పెడల్‌ని మధ్యలో ఆపేసి, అలాగే కదపకుండా వాయిస్తాను. ఆ ముక్కుతో పాడినట్టుండే టోన్ నాకు ఇష్టం.

గోపాల్‌పూర్_గాలి:
మంచి ప్రశ్న. స్ప్రింగ్ ఉన్నవాటిలో అలా ఆపాలంటే పాదం బిగబట్టి ఉంచాలి. పాట మొత్తం అలా ఉంచితే పిక్క పట్టేస్తుంది. ఆ టోన్ నీకు ముఖ్యమైతే స్విచ్ ఉన్న మామూలు వా తీసుకో. నీకు మోర్లీ వద్దనే చెబుతాను.

గుణుపురం_మాస్టారు:
ఈ పెడల్ ఎలగ పుట్టిందో కూడా తెలుసుకోండి పిల్లలూ, కొనేటప్పుడు అక్కరకొస్తాది. 1966లో అమెరికాలో థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు వాక్స్ ఆంప్‌లో మిడ్ బూస్ట్ స్విచ్ బదులు సవకగా ఒక పాట్ పెట్టి సూస్తన్నాడు. ఆ పాట్ తిప్పితే శబ్దం కదుల్తాది గదా, దాన్ని ఆర్గన్ వాల్యూమ్ పెడల్ డబ్బాలో పెట్టీసినారు. 1967లో అమ్మకానికొచ్చింది. మొదట దానిమీద క్లైడ్ మెకాయ్ అనే ట్రంపెట్ ఆయన పేరు ఏసినారు. ట్రంపెట్ మూతికి మ్యూట్ అడ్డంపెట్టి తీస్తే వచ్చే ఏడుపు శబ్దం లాగుందని. అంటే ఇది పుట్టుకతోనే ఊదే వాద్యం గొంతు. మరి ఊదేవాడికి ఊపిరుంటాది. నువ్వు కాలుతో ఆ ఊపిరి తియ్యాలి. మా గుంటలికి నేను సెప్పేదేటంటే, రిథమ్‌కి కాలు స్ట్రోకు స్ట్రోకుకీ ఆడకూడదు. సెయ్యి బీటుకి నాలుగు స్ట్రోకులు కొడితే, కాలు బీటుకి ఒకసారి ముందుకి, ఒకసారి ఎనక్కి. మెట్రోనోమ్ 60కి పెట్టుకుని ముందు కాలొక్కటే ఆడించు, గిటార్ పక్కన పెట్టీయ్. సెయ్యి తరవాత.

రాగవల్లి (పలాస):
మాస్టారు చెప్పిన పద్ధతి అక్షరాలా నిజం. నేను కూడా అలాగే నేర్చుకున్నాను. ఒక మాట మాత్రం కలుపుతాను. మహేంద్రతనయ తమ్ముడూ, నువ్వు పాడతావా? పాడుతూ వాయించేవాళ్లకి కాలు ఊపడం కష్టం. నేను పాడతాను కాబట్టి ఆటో వా వాడతాను. అందులో పెడల్ ఊపడం ఉండదు, తీగ ఎంత గట్టిగా మీటితే ఫిల్టర్ అంత తెరుచుకుంటుంది. 1970ల్లో వచ్చిన మ్యూట్రాన్ 3 ఈ రకానికి పెద్ద పేరు. మెత్తగా మీటితే మూసుకునే ఉంటుంది, గట్టిగా మీటితే అరుస్తుంది. చేతి బలం మీద అదుపు బాగా నేర్పుతుంది.

మహేంద్రతనయ:
అక్కా, నేను పాడను, కోరస్ మాత్రమే. చర్చిలో ఆటో వా చాలా బాగుంటుందని మీరు చెప్పాక అనిపిస్తోంది గానీ ముందు కాలితో నేర్చుకోవాలని ఉంది.

ఇంకో సందేహం. వా ఎక్కడ పెట్టాలి? ఓవర్‌డ్రైవ్‌కి ముందా వెనకా? మా పార్టీలో స్టేజీ మీద గుయ్యిమని శబ్దం ఎక్కువ. వా పెడితే ఇంకా పెరుగుతుందా?

జయపురం_సోల్డర్:
ముందు పెట్టు. గిటార్, వా, ఓవర్‌డ్రైవ్, డిలే. ఇదే చాలామంది వరస. వా ఎత్తి పట్టిన ఫ్రీక్వెన్సీని ఓవర్‌డ్రైవ్ చితక్కొడుతుంది, ‘మాటలు’ స్పష్టంగా వస్తాయి. వెనక పెడితే డ్రైవ్‌లో పుట్టిన హార్మోనిక్స్ అన్నిటినీ వా ఊడుస్తుంది, గాలి వీచినట్టు పెద్ద స్వీప్ వస్తుంది, కొస చాలా కీచుగా ఉంటుంది. నీ ఆంప్‌కి అది చెవి కోస్తుంది. నీకు ఫజ్ (ఓవర్‌డ్రైవ్ కంటే బరకగా వినిపించే పెడల్) లేదు కాబట్టి ఒక తలనొప్పి తప్పింది. ఫజ్ ఫేస్ లాంటివాటి ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఉండే అడ్డు) చాలా తక్కువ. వా వెనకాల నేరుగా పెడితే వా స్వీప్ చచ్చిపోతుంది, మధ్యలో బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే చిన్న సర్క్యూట్) కావాలి.

శబ్దం సంగతి. వాలో ఉన్న ఇండక్టర్ ఒక తీగ చుట్ట. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ ఉంటే దాని హమ్‌ని (గుయ్యిమనే శబ్దాన్ని) తాగేస్తుంది. నీ సింగిల్ కాయిల్ పికప్పులు కూడా అదే పని చేస్తాయి. కాబట్టి పవర్ డబ్బాని వా పక్కన పెట్టకు, బోర్డుకి అటు చివర పెట్టు. ఒకే అడాప్టర్ నుంచి గొలుసుకట్టుగా అన్నిటికీ ఇస్తే హమ్ పెరగొచ్చు. వాకి మాత్రం విడిగా బ్యాటరీ వేసి చూడు, అది తాగే కరెంటు చాలా తక్కువ. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకెయ్యి, లేకపోతే బ్యాటరీ నడుస్తూనే ఉంటుంది.

అడాప్టర్ కొంటే 9 వోల్టులు, సెంటర్ నెగటివ్. 9 అని రాసి ఉన్న నాసిరకం అడాప్టర్లు లోడు లేకుండా 12 పైన చూపిస్తాయి, వాటితో హమ్ కూడా వస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూశాకే గుచ్చు.

ఇది మాత్రం అందరూ వినండి. టెంటు హౌస్ జనరేటర్లకి ఎర్త్ సరిగా ఉండదు. గిటార్ పట్టుకుని మైకుకి పెదవి తగిలితే షాక్ కొట్టేది అందుకే. ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస తీగలకి, ఇంకో కొస మైకు జాలీకి ఆనించు. పదుల వోల్టులు చూపిస్తే ఎర్త్ వేయించేదాకా గిటార్ ఎక్కించకు. పెడల్ సంగతి తర్వాత, ప్రాణం ముందు.

బరంపురం_లీడ్:
చివరి పేరా ప్రతి మెలోడీ పార్టీ వాళ్లూ గోడకి అంటించుకోవాలి.

మహేంద్రతనయ:
సోల్డర్ అన్నా, చాలా థాంక్స్. ఈ షాక్ మాకు మామూలైపోయింది, ఇలా చూడొచ్చని ఎవరూ చెప్పలేదు. ఇక వైజాగ్ వెళ్లి దుకాణంలో రెండూ వాయించి చూద్దామనుకుంటున్నాను. ఏం చూడాలి?

గుణుపురం_మాస్టారు:
నీ గిటారే పట్టుకెళ్లు. అక్కడున్న మంచి గిటార్‌తో వాయించి మోసపోకు. ఆంప్ కూడా నీదానిలాంటి చిన్నదే అడుగు. బూట్లు కాదు, స్టేజీ మీద నువ్వు ఏసుకునే చెప్పులతోనే తొక్కి సూడు.

జయపురం_సోల్డర్:
కాలితో చాలా నెమ్మదిగా, మడమ నుంచి వేళ్ల వరకు ఒక్కసారి తొక్కు. మార్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో విను. బరబర ఉంటే పాట్ మురికిది. కొత్తదైతే వద్దను, పాతదైతే ధర తగ్గించమని అడుగు, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతుంది, పోకపోతే పాట్ మార్చాలి. మన వైపు ఆలోచించాల్సింది ఇదే తమ్ముడూ. క్రై బేబీ కింద నాలుగు స్క్రూలు తీస్తే లోపలంతా కనిపిస్తుంది, పాట్, స్విచ్ తెచ్చుకుని ఎవరైనా సోల్డర్ చెయ్యగలరు. జయపురంలోనో రాయగడలోనో కూర్చుని కంపెనీ సర్వీసు కోసం ఎదురుచూసే పని లేదు.

తర్వాత ఆఫ్‌లో పెట్టి విను. జీసీబీ95లో ట్రూ బైపాస్ (ఆఫ్‌లో సిగ్నల్ సర్క్యూట్‌ని పూర్తిగా తప్పించుకుని పోవడం) లేదు. కేబుల్ నేరుగా ఆంప్‌కి గుచ్చినప్పుడు, వా మధ్యలో ఆఫ్‌లో ఉన్నప్పుడు, రెండిటికీ పై కొస మెరుపులో తేడా ఉందా చూడు. నీకు తెలియకపోతే పట్టించుకోకు. జనం ఈ విషయం మీద అనవసరంగా కొట్టుకుంటారు.

పెడల్ ఎంత గట్టిగా ఉందో కూడా చూడు. మధ్యలో వదిలేస్తే అక్కడే నిలబడాలి. నువ్వు మధ్యలో ఆపి వాయిస్తానన్నావు కదా, జారిపోయే పెడల్ నీకు పనికిరాదు.

నాగావళి_నోట్స్:
నా పక్షం ఓడిపోయినట్టే ఉంది, పర్లేదు. బడ్జెట్ కొంచెం పెంచగలిగితే క్రై బేబీలోనే 535క్యూ కూడా తొక్కి చూడు. ఆరు రేంజ్‌లు ఉంటాయి, పదును తగ్గించే పెంచే క్యూ నాబ్ ఉంది. చర్చికి ఒకలా, స్టేజీకి ఒకలా పెట్టుకోవచ్చు.

బరంపురం_లీడ్:
వైజాగ్‌లో నచ్చకపోతే కలకత్తా లాల్‌బజార్ వైపు వాద్యాల దుకాణాలు చాలా ఉన్నాయి, అటు ఎవరైనా వెళ్తే చూడమను. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకో, వారంటీకి అదే ఆధారం.

మహేంద్రతనయ:
అందరికీ చెప్పాలి. వెళ్లొచ్చాను. 535క్యూ అద్భుతం, కానీ నా డబ్బుకి అందలేదు. వాక్స్, జీసీబీ95 రెండూ నా గిటార్‌తో, చిన్న ఆంప్‌తో, చెప్పులతోనే చాలాసేపు తొక్కాను. నెమ్మదిగా లీడ్ వాయిస్తే వాక్స్ గొంతు నాకు ఎక్కువ నచ్చింది, బరంపురం అన్న చెప్పినట్టే. కానీ మాస్టారు చెప్పిన పద్ధతిలో చిక్‌చిక్ మొదలుపెట్టాక, క్రై బేబీలో కాలి మధ్య భాగంలోనే మార్పు బాగా తెలిసింది, తక్కువ ఊపుతో పని జరిగింది. నా చేతికొచ్చిన ఆ వాక్స్ కొంచెం జారుతోంది కూడా, మధ్యలో నిలబడలేదు. దుకాణం ఆయన బిగించి ఇస్తానన్నారు గానీ నా మనసు అప్పటికే ఇటు తిరిగింది. జీసీబీ95 తీసుకున్నాను. స్టేజీ మీద ఎక్కువ వాయించేవాడిని, వినపడడం నాకు ముఖ్యం.

మొన్న చర్చిలో మొదటిసారి వాడాను. ఓవర్‌డ్రైవ్ ఆఫ్ చేసి, ఆంప్‌లో ట్రెబుల్ తగ్గించాక బాగా కుదిరింది. పాస్టర్‌గారు ఏమిటది, గిటార్ పాడుతోందే అన్నారు.

ఒక ఇబ్బంది ఉంది. స్విచ్ పడాలంటే ముందుకి చాలా బలంగా తొక్కాలి. చెప్పులతో ఇంకా కష్టం. ఇది మామూలేనా?

జయపురం_సోల్డర్:
మామూలే. వేళ్ల వైపు పెడల్ కింద ఉన్న మెత్త స్విచ్ మీద ఆనాలి. కొత్తప్పుడు ఆ మెత్త మందంగా, గట్టిగా ఉంటుంది, వాడగా అణుగుతుంది. తొందరైతే కింద ప్లేటు తీసి, స్విచ్‌ని పట్టి ఉంచే నట్టు కొంచెం వదులు చేసి, స్విచ్‌ని ఒక చుట్టు పైకి తెచ్చి బిగించు. ఎక్కువ తేకు. ఎక్కువ తెస్తే వాయిస్తూ వేళ్లు నొక్కినప్పుడల్లా ఆఫ్ అయిపోతుంది, పై కొస నీకు అందదు. ప్లేటు బిగించేటప్పుడు బ్యాటరీ వైరు మధ్యలో నలగకుండా చూసుకో.

గుణుపురం_మాస్టారు:
మెట్రోనోమ్ మర్చిపోకు బావూ. 60 కుదిరినాకే 70కి ఎల్లు.

మహేంద్రతనయ:
సగం చుట్టు తిప్పాను అన్నా, ఇప్పుడు చెప్పులతో కూడా పడుతోంది. మాస్టారూ, 60 దగ్గరే ఉన్నాను.